నర్సరీ నుంచి చివరి తరగతి దాకా ఒకే బడిలో చదివిన పిల్లలకు గ్రాడ్యుయేషన్ రోజున గౌరవం: ఎలా చేస్తే బాగుంటుంది?

స్టాఫ్‌రూమ్_కిటికీ

అందరికీ నమస్కారం. మా స్కూలు నర్సరీ నుంచి పన్నెండో తరగతి వరకు ఉంటుంది. ఈసారి గ్రాడ్యుయేషన్ డే పనులు నాకు అప్పగించారు. నర్సరీలో చేరి చివరి పరీక్ష దాకా ఇక్కడే చదివిన పిల్లల్ని ఆ రోజు ప్రత్యేకంగా గౌరవించాలని, అది ఏటా జరిగే ఆనవాయితీ కావాలని మేనేజ్‌మెంట్ అనుకుంటోంది. నాకు ఈ ఆలోచన చాలా నచ్చింది. అమ్మ చెయ్యి వదలమని గేటు దగ్గర ఏడ్చిన పిల్లలు ఇప్పుడు మాకంటే పొడుగయ్యారు. ఇన్నేళ్లు కళ్లముందు పెరిగిన వాళ్లను అందరితో కలిపి ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేయడం నాకు ఎప్పుడూ వెలితిగానే అనిపించేది.

కానీ మొదటి మీటింగులోనే చిక్కులు వచ్చాయి. నర్సరీ నుంచి లెక్కపెట్టాలా, ఒకటో తరగతి నుంచా? ఐదో తరగతిలో వెళ్లిపోయి ఏడాది తర్వాత తిరిగొచ్చిన అమ్మాయి ఒకరున్నారు, ఆమెను పిలవాలా వద్దా? షీల్డు ఇవ్వాలా, మెడల్ వెయ్యాలా, ఫొటో చాలా? మిగతా పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ ఆ కాసేపు ఏమనుకుంటారు? ఇలాంటిది చేసినవాళ్లు, చూసినవాళ్లు, స్టేజి మీద నిలబడి అందుకున్నవాళ్లు ఉంటే దయచేసి వివరంగా రాయండి.

రిటైర్డ్_హెచ్‌ఎం

మంచి పని తలపెట్టారు మేడమ్. అమెరికాలో కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండు దాకా ఒకే ఆవరణలో నడిచే ప్రైవేటు స్కూళ్లలో ఇది బాగా అలవాటైన పద్ధతి. అలాంటి పిల్లల్ని అక్కడ లైఫర్స్ అంటారు. కిండర్‌గార్టెన్ నుంచి లెక్కేస్తే 13 ఏళ్లు, దానికి ముందు ఏడాది కూడా కలిపితే 14. కొన్నిచోట్ల గౌనుకు పెట్టుకునే చిన్న పిన్ను ఇస్తారు, కొన్నిచోట్ల మెడలో వేసుకునే రంగుల తాడు. గ్రాడ్యుయేషన్‌కు ముందే వాళ్లనీ తల్లిదండ్రులనీ పిలిచి విడిగా ఒక చిన్న సభ జరిపే స్కూళ్లూ ఉన్నాయి. చిన్నప్పటి గ్రూపు ఫొటో తీసుకుని, మళ్లీ అదే వరుసలో నిలబెట్టి ఇప్పుడు ఇంకోటి తీసి, రెండూ పక్కపక్కన ఇయర్‌బుక్‌లో వేస్తారు. పిల్లలు అన్నిటికంటే ఎక్కువ దాచుకునేది దాన్నే అని నా నమ్మకం.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. పేర్ల జాబితా తెరవకముందే నియమం రాసి సంతకాలు చేయించండి. పేర్లు కళ్లముందు ఉంటే ఒక్కొక్కరి మొహం గుర్తొచ్చి ఒక్కొక్క మినహాయింపు పుడుతుంది. ఈ ఏడాది ఒకరికి ఇచ్చిన మినహాయింపును వచ్చే ఏడాది ఇంకొకరు అడుగుతారు. నాలుగేళ్లలో ఆ ఆనవాయితీ గొడవల పుట్ట అవుతుంది. ఒకటో తరగతి మొదటి రోజు నుంచి అని పెట్టుకోవడం మేలు. నర్సరీ అందరూ చదవరు, కొన్ని ఇళ్లలో పిల్లల్ని నేరుగా ఒకటికే పంపుతారు.

బదిలీ_బిడ్డ

నాది వేరే వైపు అనుభవం. నాన్న ఉద్యోగంలో బదిలీలు. నా చదువంతా కొత్త యూనిఫాం, కొత్త బెంచీ, అప్పటికే కుదిరిపోయిన స్నేహ బృందాలు. తొమ్మిదిలో చేరిన స్కూల్లోనే పన్నెండు పూర్తి చేశాను. వీడ్కోలు సభలో చిన్నప్పటి నుంచి ఉన్నవాళ్లను పిలిచి శాలువాలు కప్పి, పది నిమిషాలు వాళ్ల గురించి మాట్లాడారు. మేం కింద కూర్చుని చప్పట్లు కొట్టాం. వాళ్ల మీద నాకేమీ లేదు, వాళ్లలో నా ప్రాణ స్నేహితురాలు కూడా ఉంది. కానీ మా నాన్నకు బదిలీ రాకపోవడం నా చేతిలో లేదు కదా. స్కూలు గౌరవిస్తున్నది దేన్ని? పిల్లల్నా, కదలనవసరం లేని వాళ్ల ఇంటి పరిస్థితినా?

అమెరికాలో సైనిక కుటుంబాల పిల్లలు చదువు పూర్తయ్యేలోపు ఆరు నుంచి తొమ్మిది స్కూళ్లు మారతారని చెబుతారు. వాళ్ల కోసం అక్కడ 1986 నుంచి ఏప్రిల్‌ను సైనిక కుటుంబాల పిల్లల నెలగా జరుపుతున్నారు, ఆ నెలలో ఒక రోజు స్కూళ్లలో అందరూ ఊదా రంగు బట్టలు వేసుకుంటారు. రాష్ట్రం మారడం వల్ల ఆ పిల్లల గ్రాడ్యుయేషన్ ఆగకూడదని 2008లో రాష్ట్రాల మధ్య ఒప్పందం కూడా తెచ్చారు. ఇప్పుడు 50 రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. మారిన పిల్లల గురించి కూడా ఒక దేశం అంత ఆలోచించింది. మీ కార్యక్రమంలో వాళ్లకు ఒక్క వాక్యం దొరుకుతుందా?

మొదటిబెంచీ_నుంచి

నేను అలా స్టేజి మీద నిలబడినవాడిని. ఎల్‌కేజీ నుంచి చివరిదాకా ఒకే స్కూలు. బదిలీ_బిడ్డ గారి బాధ అర్థమైంది, కానీ ఆ రోజు నాకు దక్కినదేమిటో కూడా చెప్పాలి.

మెడల్ గుర్తులేదు, ఇప్పుడు ఎక్కడుందో తెలీదు. నా పేరు పిలిచింది ప్రిన్సిపల్ కాదు, ఒకటో తరగతి టీచర్. అప్పటికి ఆవిడ రిటైరై చాలా కాలమైంది. మైకులో ఒక్కొక్కరి గురించి ఒక్కో వాక్యం చెప్పారు. మార్కులు, ర్యాంకుల గురించి ఒక్క మాట లేదు. ఒకమ్మాయి గురించి, పక్కనున్న బాబు ఏడుస్తుంటే తన పెన్సిల్ ఇచ్చేసి తను ఖాళీగా కూర్చుందన్నారు. నా గురించి, ప్రతి గోడా తడుముకుంటూ నడిచేవాడన్నారు. నాకే గుర్తులేని నన్ను ఒకరు అన్నేళ్లు గుర్తుపెట్టుకున్నారు. మా అమ్మ ఆ మాటను ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

ఒకే బడిలో ఉండిపోవడం అంత సులువేమీ కాదని కూడా రాయాలి. రెండో తరగతిలో అల్లరివాడని పడిన ముద్ర పదో తరగతిలోనూ నా వెంటే ఉంది. కొత్త స్కూలుకు వెళ్లిన పిల్లలకు కొత్తగా మొదలుపెట్టే వీలుంటుంది, మాకు ఉండదు. అందుకే ఆ రోజు పెద్దలు నా గురించి మంచి మాట ఒకటి అందరి ముందూ చెప్పడం నాకు అంత ముఖ్యమైంది.

చిట్టితరగతి_టీచర్

పైన రాసిన బాబుకు నా ఆశీస్సులు. ఒకటో తరగతి టీచర్‌ని పిలిచారు చూడండి, అది ఎంత పెద్ద విషయమో మాలాంటి వాళ్లకు తెలుస్తుంది. చాలా స్కూళ్లలో గ్రాడ్యుయేషన్‌కు ప్రైమరీ టీచర్లకు పిలుపే ఉండదు. మేం చేతులు పట్టి అక్షరాలు దిద్దించిన పిల్లలు ఎప్పుడు వెళ్లిపోయారో తర్వాత ఎవరో చెబితే వింటాం.

వాల్డార్ఫ్ స్కూళ్ల గురించి విన్నారా? 1919లో రుడాల్ఫ్ స్టైనర్ అనే తత్వవేత్త జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో ఒక సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం మొదటిది పెట్టారు. ఆ స్కూళ్లలో ఒకే టీచర్ ఒకటో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా అదే పిల్లలతో పాటు పైకి వెళ్లడం వాళ్ల పద్ధతి. అక్కడ గులాబీల వేడుక ఒకటి చేస్తారు. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలను మొదటి రోజున ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తారు. పై తరగతి అక్కో అన్నో ఎదురొచ్చి చేతిలో గులాబీ పెడతారు. ఏడాది చివర అదే చిన్న పిల్లలు, బడి వదిలి వెళ్తున్న ఆ పెద్దవాళ్లకు గులాబీలు ఇస్తారు.

నాకు ఇందులో నచ్చింది ఏమిటంటే, అక్కడ ఎవరు ఎన్నేళ్లు చదివారని అడిగేవాళ్లు ఉండరు. నిన్న చేరినవాడికీ పువ్వే, మొదటి నుంచి ఉన్నవాడికీ పువ్వే. కానీ మొదటి నుంచి ఉన్న పిల్లలకు మాత్రం తెలుస్తుంది, తామూ ఒకప్పుడు ఇలాగే నిలబడి పువ్వు అందుకున్నామని. ఆ సంతోషం వాళ్ల లోపల ఉంటుంది, పక్కవాళ్లను తక్కువ చెయ్యదు.

చలిదేశంలో_చదివా

టీచర్ గారు చెప్పిన గులాబీ లాగే రష్యాలో గంట వేడుక ఉంది. నేను మెడిసిన్ చదివే రోజుల్లో హాస్టల్ పక్కనే స్కూలు ఉండేది, అందుకే చూశాను. మే 25 ప్రాంతంలో చివరి గంట అని చేస్తారు. ఆఖరి తరగతి అబ్బాయి ఒకటో తరగతి పాపను భుజం మీద కూర్చోబెట్టుకుని నడుస్తాడు, ఆ పాప చేతి గంట మోగిస్తూ ఉంటుంది. సెప్టెంబర్ 1న స్కూలు తెరిచే రోజున మొదటి గంట కూడా అలాగే. అక్కడ కూడా క్లాసంతా ఒకటే, కొత్తా పాతా లేదు.

లెక్కల_సార్

పరిశోధన ఒకటి గుర్తుచేస్తాను. 2018లో హార్వర్డ్‌లో కార్లీ రాబిన్సన్, ఇంకొందరు కలిసి కాలిఫోర్నియాలో 15 వేల మందికి పైగా విద్యార్థుల మీద ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. ఒక నెల పూర్తి హాజరు ఉన్న పిల్లల్లో కొందరికి చెప్పకుండా అవార్డు పంపారు. తర్వాతి నెలలో ఆ అవార్డు అందుకున్న పిల్లల హాజరు, అందుకోని వాళ్లకంటే తగ్గింది. మామూలుగా చేసే పనికి అవార్డు ఇస్తే, నేను అవసరమైన దానికంటే ఎక్కువ చేస్తున్నాను కాబోలు అని పిల్లలు అనుకుని ఉండొచ్చన్నది వాళ్ల వివరణ.

మీ కార్యక్రమం వేరు, ఇది ఆఖరి రోజు కాబట్టి తర్వాత తగ్గడానికేమీ లేదు. కానీ పిల్లలు అవార్డును చూసే తీరు పెద్దలు అనుకున్నట్టు ఉండదని దీన్నిబట్టి తెలుస్తుంది. అందుకని నా మాట: అవార్డు అనకండి, విజేతలు అనకండి, మెడల్ వద్దు. ఒకే బడిలో ఉండటం పోటీ కాదు, అందులో గెలుపు లేదు. జ్ఞాపకం అనండి, ఆ మాటకు తగినట్టే చెయ్యండి.

ఇద్దరు_పిల్లల_నాన్న

లెక్కల సార్ చెప్పింది మా ఇంట్లో జరిగింది. పెద్దవాడు ఒకే స్కూల్లో చివరిదాకా చదివాడు. చిన్నమ్మాయి ఆరో తరగతికి వచ్చేసరికి నా పని పోయింది. ఇద్దరి ఫీజులు కట్టలేక పాపను వేరే స్కూల్లో వేశాం. పెద్దవాడి గ్రాడ్యుయేషన్‌లో మొదటి నుంచి ఉన్నవాళ్లని పిలిచి "నిబద్ధత గల కుటుంబాలు" అన్నారు. నా పక్కన కూర్చున్న పాప తల దించుకుంది. కొడుకును చూసి మురిసిపోవాల్సిన సమయంలో నేను కూతురి మొహమే చూస్తూ ఉండిపోయాను.

దయచేసి స్క్రిప్టులో ఆ మాట రాయకండి. పిల్లలు ఎన్నేళ్లున్నారో చెప్పండి, ఎందుకున్నారో చెప్పకండి. ఆ కారణాలు బడికి తెలియవు.

రిటైర్డ్_హెచ్‌ఎం

మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం నాన్నగారూ. స్క్రిప్టులో కుటుంబాల ప్రస్తావన అస్సలు రాకూడదు.

కానీ గులాబీ, గంట మాత్రమే చాలన్న వాదనతో నేను ఏకీభవించను. అందరికీ ఒకటే చేసి ఊరుకుంటే మేడమ్ అడిగిన పని జరగదు. ఒక బిడ్డ తన బాల్యమంతా ఒక ఆవరణలో గడిపితే దాన్ని గమనించాను అని ఆ ఆవరణ చెప్పడంలో అన్యాయం లేదు. పాటలో బాగా పాడినవారిని మెచ్చుకుంటే పాడనివారిని అవమానించినట్టు కాదు కదా. ఎవరో నొచ్చుకుంటారని ప్రతిదీ పలచన చేస్తే చివరికి పిల్లలకు గుర్తుండేది ఏదీ మిగలదు.

బదిలీ_బిడ్డ

సార్, బాగా పాడటానికి సాధన చెయ్యాలి. ఒకే చోట ఉండటానికి పిల్లలు చేసే సాధన ఏముంది? నా అభ్యంతరం అంతా అక్కడే. అయినా మొదటిబెంచీ గారు రాసింది చదివాక ఒకటి ఒప్పుకుంటాను. ఆ టీచర్ చెప్పిన వాక్యం లాంటిది అయితే నేను కింద కూర్చుని మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టేదాన్ని. శాలువా, ఉపన్యాసం అయితే కొట్టలేను.

అమ్మ_మాట

నియమం రాసేటప్పుడు ఒక పాప గురించి ఆలోచించండి. మా అమ్మాయికి ఏడో తరగతిలో పెద్ద జబ్బు చేసింది. ఏడాదికి పైగా బడికి వెళ్లలేదు. పేరు మాత్రం రిజిస్టర్లోనే ఉంది, తిరిగొచ్చాక మళ్లీ ఏడులోనే కూర్చుంది. అంటే తన బ్యాచ్ అందరికంటే ఒక ఏడాది ఎక్కువే ఆ బడి పిల్ల. "విరామం లేకుండా హాజరు" అనో, "ఈ బ్యాచ్‌తో పాటు ఒకటో తరగతిలో చేరినవారు" అనో రాస్తే తన పేరు రాదు. తరగతి మళ్లీ చదివిన పిల్లలు, నెమ్మదిగా నేర్చుకునే పిల్లలు కూడా ఇలాగే జారిపోతారు. వాళ్లకే ఆ బడితో బంధం అందరికంటే ఎక్కువ.

రిజిస్టర్_సెక్షన్

ఆఫీసులో పనిచేసేవాడిగా చెబుతున్నా, అమ్మగారి సమస్యకు జవాబు అడ్మిషన్ రిజిస్టర్లోనే ఉంది. ప్రతి పిల్లకూ చేరినప్పుడు ఒక అడ్మిషన్ నంబరు వేస్తాం. టీసీ తీసుకోనంత వరకు ఆ నంబరు అలాగే ఉంటుంది. జబ్బు చేసినా, తరగతి మళ్లీ చదివినా మారదు. కాబట్టి నియమాన్ని ఒక్క వాక్యంలో పెట్టుకోవచ్చు: ఒకటో తరగతి లేదా అంతకుముందు వేసిన అడ్మిషన్ నంబరుతోనే బడి పూర్తి చేస్తున్నవారు. మేడమ్ చెప్పిన తిరిగొచ్చిన అమ్మాయి టీసీ తీసుకుని వెళ్లి ఉంటే ఆమెకు రెండు నంబర్లు ఉంటాయి. ఆమె సంగతి మీరు విడిగా తేల్చుకోవాలి, నా సలహా అయితే రెండూ కలిపి చూడమనే.

పని మూడు నెలల ముందు మొదలుపెట్టండి. కంప్యూటర్లో చాలాసార్లు ఇటీవలి ఏళ్ల వివరాలే ఉంటాయి, పాతవి చేతిరాత పుస్తకాల్లో ఉంటాయి. ఇంటిపేరు ముందా వెనకా, స్పెల్లింగు తేడాలు, తర్వాత మార్చుకున్న పేర్లు ఇవన్నీ ఎదురవుతాయి. జాబితా తయారయ్యాక క్లాస్ టీచర్ చేతా, పిల్లల చేతా సరిచూపించండి. సభలో ఒక్క పేరు వదిలేస్తే ఆ బిడ్డకు మీరు చేసిన కార్యక్రమం మొత్తం ఆ వదిలెయ్యడమే అవుతుంది.

కెమెరా_కన్ను

ఫొటోల గురించి. అప్పుడు, ఇప్పుడు అని తెర మీద పక్కపక్కన వేస్తే హాలంతా కదిలిపోతుంది, అందులో అనుమానం లేదు. కానీ ప్రతి ఫొటో ఆ పిల్లలకు ముందే చూపించి, సరే అన్నాకే వాడండి. చిన్నప్పటి ఫొటోలో పక్కనున్న అమ్మో నాన్నో ఇప్పుడు లేకపోవచ్చు, విడిపోయి ఉండొచ్చు. తన పాత రూపం తెర మీద అంత పెద్దగా కనబడటం ఇష్టం లేని పిల్లలుంటారు. వద్దంటే కారణం అడగకండి. ఫొటోకు బదులు ఒకటో తరగతిలో వాళ్లు వేసిన బొమ్మో, రాసిన పేజీయో దొరికితే అది వెయ్యండి. అసలు వచ్చే ఏడాది నుంచి ఒకటో తరగతి పిల్లల చేత ఏడాది చివర ఒక పేజీ రాయించి, తారీఖు వేసి, ఆఫీసు బీరువాలో దాచండి. పదకొండేళ్ల తర్వాత ఇచ్చేందుకు అంతకంటే మంచిది ఏ దుకాణంలోనూ దొరకదు. మధ్యలో వెళ్లిపోయే పిల్లలకు టీసీతో పాటు వాళ్ల పేజీ వాళ్లకు ఇచ్చెయ్యండి.

బదిలీ_బిడ్డ

ఆ ఆఖరి వాక్యానికి ధన్యవాదాలు. నేను వదిలిన ఒక్క స్కూలైనా అలా నా పేజీ ఒకటి నా చేతిలో పెట్టి ఉంటే బాగుండేది.

స్టాఫ్‌రూమ్_కిటికీ

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఈ చర్చంతా ప్రింటు తీసి మీటింగులో పెట్టాను. నిన్న తేలినవి ఇవి.

అడ్మిషన్ నంబరు నియమమే పెట్టుకున్నాం, పేర్లు చూడకముందే సంతకాలయ్యాయి. టీసీ తీసుకుని తిరిగొచ్చిన వాళ్లు ఒకటో తరగతిలో ఇక్కడ కూర్చున్నవాళ్లయితే చాలని, వాళ్లనూ కలిపి రాశాం. మెడల్, శాలువా లేవు. గ్రాడ్యుయేషన్ రోజు ఉదయం ఆఖరి తరగతి మొత్తం, ఎప్పుడు చేరినవాళ్లైనా సరే, గౌనులతో ప్రైమరీ వరండా గుండా నడుస్తారు. చిన్న పిల్లలు తరగతి గుమ్మాల దగ్గర నిలబడి ప్రతి ఒక్కరికీ ఒక్కో పువ్వు ఇస్తారు. సాయంత్రం సభలో మాత్రం మొదటి నుంచి ఉన్నవాళ్లను పిలుస్తాం. పిలిచేది ఒకటో తరగతి టీచర్, ఒక్కొక్కరికీ ఒక వాక్యం. తర్వాత చేరిన పిల్లలకు కూడా, ఇక్కడికి వచ్చినప్పుడు వాళ్లకు మొదట పాఠం చెప్పిన టీచర్ రాసిన వాక్యం సర్టిఫికెట్ కవరులో ఉంటుంది. రిటైర్డ్_హెచ్‌ఎం గారు దీన్ని పలచన చెయ్యడం అంటారేమో, అయినా ఇది నాకు వదులుకోవాలనిపించలేదు.

ఇంకో సమస్య మిగిలింది. ఒక సెక్షన్‌కు ఒకటో తరగతి చెప్పిన టీచర్ ఇప్పుడు లేరు. ఆ పిల్లల పేర్లు ఎవరు పిలవాలి? ఒకబ్బాయి స్టేజి ఎక్కనని కూడా చెప్పాడు.

రిటైర్డ్_హెచ్‌ఎం

కవరులో వాక్యం పలచన కాదు, సభను నిలబెట్టి చేసే పని కాదది. బాగుంది.

చిట్టితరగతి_టీచర్

ఆ పిల్లల్ని అప్పట్లో చూసుకున్న ఆయమ్మ ఇంకా ఉన్నారా? టీచర్ బోర్డు వైపు తిరిగినప్పుడు పిల్లల్ని చూసేది ఆయమ్మలే. ఎవరు దేనికి ఏడ్చేవారో, ఎవరు పక్కవాళ్లను ఓదార్చేవారో వాళ్లకు తెలుసు. పేర్లు కాగితం చూసి చదవడం ఇబ్బందైతే ఒక విద్యార్థి పక్కన నిలబడి పేరు చదివితే, ఆవిడ గుర్తున్న మాట చెబుతారు. మైకుతో ఒకసారి అలవాటు చేయించండి.

స్టేజి ఎక్కనన్న బాబును బలవంతపెట్టకండి. అతని గురించిన వాక్యం కార్డు మీద రాసి టీచర్‌ను విడిగా వెళ్లి ఇమ్మనండి. సభలో పేరు చదవొచ్చా అని మాత్రం ముందే అడగండి.

రిజిస్టర్_సెక్షన్

ఆయమ్మలు, వ్యాన్ డ్రైవర్లు, వాచ్‌మెన్‌ల ఉద్యోగంలో చేరిన తేదీలు కూడా సర్వీసు రికార్డులో చూడండి మేడమ్. ఈ పిల్లలకంటే ముందు నుంచి ఉన్నవాళ్లు తప్పకుండా కనబడతారు. వాళ్లకు ముందు వరుసలో కుర్చీలు వేయించండి.

స్టాఫ్‌రూమ్_కిటికీ

ఆయమ్మ ఉన్నారు, అడిగితే వెంటనే ఒప్పుకున్నారు. ఆ సెక్షన్ పిల్లల్లో ఇద్దరి గురించి అక్కడికక్కడే చెప్పడం మొదలుపెట్టారు, నేను రాసుకున్నాను. స్టేజి ఎక్కని బాబు పేరు చదవడానికి సరేనన్నాడు. ముందు వరుస కుర్చీల సంగతి ఈరోజే చెబుతాను. ఫొటోల అనుమతి ఫారం, మేం రాసుకున్న నియమం రెండూ ఖరారు కాగానే ఇక్కడే పెడతాను, వేరే స్కూళ్లవాళ్లకు కావాలంటే వాడుకోవచ్చు.